వెనక గిటార్ వాయించే అబ్బాయి

"అక్క గొంతు అమృతం. వెనక గిటార్ వాయించే అబ్బాయి కొంచెం పక్కకి జరిగితే ఇంకా బావుండేది."

మా పన్నెండో వీడియో కింద వచ్చిన కామెంటు ఇది. ఐదేళ్లయింది. స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నాను. ఈలోగా రెండు ఫోన్లు మారాయి, ఆ బొమ్మ మాత్రం నాతోపాటే వస్తోంది. రాసినవాళ్ల తప్పేం లేదు. ఆ వీడియోలో నేను నిజంగానే అడ్డంగా ఉన్నాను. అక్క వయొలిన్ కమాను కిందికి దిగినప్పుడల్లా నా గిటార్ తలకి తగులుతుందేమోనని చూసేవాళ్లకి గుండె గుబేలుమనేలా ఉంది. నాకు గుచ్చుకున్నది జరగమనడం కాదు, "వెనక" అన్న మాట. నేను వెనక లేను. అక్క పక్కనే, అదే వరసలో, అలాంటి స్టూలు మీదే కూర్చున్నాను. అయినా చూసినవాళ్లకి వెనకే కనిపించాను.

అక్కకి చూపిస్తే పగలబడి నవ్వింది. "జరగరా మరి, అంత మర్యాదగా అడుగుతుంటే!" అంది.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఒక్క ముక్క. మాది ఇద్దరి బ్యాండు. అక్క పాడుతుంది, వయొలిన్ వాయిస్తుంది, పాటలకి మాటలు కూడా తనే రాస్తుంది. నేను గిటారు, బేసు, కహోన్ వాయిస్తాను. కహోన్ అంటే పైన కూర్చుని ముందు పలక మీద చేత్తో కొట్టే చెక్కపెట్టె. ఇవి కెమెరాకి కనపడే పనులు. కనపడనివి వేరే ఉన్నాయి: గదిలో దుప్పట్లు కట్టడం, మైకులు పెట్టడం, రికార్డింగు, మిక్సింగు, ఎడిటింగు, థంబ్‌నెయిలు, కింద రాసే నాలుగు ముక్కలు. అవన్నీ నావే. ఎవరూ నా నెత్తిన పెట్టలేదు. మొదటి వీడియోకి "నువ్వు కంప్యూటర్ ముందు ఎలాగూ కూర్చుంటావు కదా" అంది అక్క, నేను ఊఁ అన్నాను. ఆ ఊఁ ఇప్పటికి నూట పద్దెనిమిది వీడియోలుగా నడుస్తోంది.

నాలుగు నిమిషాల పాటకి అక్క పాడే పని రెండు మూడు గంటల్లో అయిపోతుంది. నాది ఇరవై దాటుతుంది. లెక్కలు చెప్పుకోవడం నామోషీ అని చాన్నాళ్లు చెప్పలేదు. అలాగని మర్చిపోనూ లేదు.

ఆ ఇరవై గంటలు ఎక్కడికి పోతాయని చాలామంది అడుగుతుంటారు. ఒక్క ఉదాహరణ చెబుతాను. బొమ్మ ఫోన్‌తో తీస్తాం, శబ్దం విడిగా రికార్డ్ చేస్తాం. ఫోను సెకనుకి ముప్పై ఫ్రేములు అంటుందే గానీ కచ్చితంగా ముప్పై తియ్యదు. వెలుతురు తగ్గితే నెమ్మదిస్తుంది, మళ్లీ సర్దుకుంటుంది. రికార్డర్ గడియారం దాని లెక్కన అది నడుస్తుంది. పల్లవి దగ్గర అతికినట్టు కలిసిన పెదాలు రెండో చరణానికి వచ్చేసరికి ఒక అక్షరం వెనకపడతాయి. ఒక ఫ్రేము అంటే 33 మిల్లీసెకన్లు. ఒకటి రెండు ఫ్రేములు జారితే ఎవరు పట్టుకుంటారులే అనుకునేవాణ్ణి. పట్టుకుంటారు. అదీ శబ్దం బొమ్మకన్నా ముందొస్తే తొందరగా పట్టుకుంటారు, ఆలస్యమైతే కాస్త ఓర్చుకుంటారు. ప్రసారాల ప్రమాణాల్లో దీనికి లెక్క కూడా ఉంది: శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొస్తే చాలు తేడా తెలుస్తుందట, వెనకబడితే 125 దాకా తెలియదట. కారణం సులువే. లోకంలో శబ్దం ఎప్పుడూ వెలుగు వెనకాలే వస్తుంది. దూరాన ఎవరో గొడ్డలితో చెట్టు కొడుతుంటే దెబ్బ ముందు కనిపించి చప్పుడు తర్వాత వినిపిస్తుంది కదా. ముందు వినిపించి తర్వాత కనిపించడం మన కంటికీ చెవికీ అలవాటు లేదు.

అందుకే అక్కని టేకు మొదట్లో ఒక చప్పట, చివర్లో ఒక చప్పట కొట్టమంటాను. మొదటి చప్పట కలపడానికి, రెండోది ఎంత జారిందో కొలవడానికి. మొదటిది కొడుతుంది. రెండోది ఎప్పుడూ ఎగ్గొడుతుంది. "పాట అయిపోగానే మనకి మనమే చప్పట్లు కొట్టుకుంటామేంట్రా, సిగ్గులేదూ?" అంటుంది.

మొదటి ఏడాది ఇంకో తప్పు కూడా చేశాను. మా పాట పక్కవాళ్ల పాటకన్నా గట్టిగా వినపడాలని మిక్సుని చివరి చుక్క దాకా పిండేవాణ్ణి. యూట్యూబ్ దాన్ని మళ్లీ కిందికి దించేసేది. ప్లేయర్ మీద రైట్ క్లిక్ చేసి 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' తెరిస్తే ఎంత దించిందో కనబడుతుంది. చెవికి వినపడే మోతని కొలిచే లెక్కలో దాదాపు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ దాటి గట్టిగా ఉన్నదాన్ని అది తగ్గిస్తుంది, మెల్లగా ఉన్నదాన్ని మాత్రం పెంచదు. మాది ఆరు డెసిబెల్స్ తగ్గించిందని చూసినరోజు నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అంత పిండి సాధించింది ఏమిటంటే, అందరితో సమానమైన చప్పుడు, కాకపోతే నలిగిపోయిన గొంతు. "నా గొంతుని ఎవరో ఇస్త్రీ చేసినట్టుందేంట్రా?" అని అక్క మొదటినించీ అంటూనే ఉంది. నేనే వినలేదు.

ఆ రోజుల్లోనే లెస్ పాల్, మేరీ ఫోర్డ్‌ల గురించి చదివాను. గిటార్ పట్టినవాళ్లకి లెస్ పాల్ పేరు గిటార్ మీద రాసి ఉన్న పేరుగానే తెలుస్తుంది. నాకూ అంతే. ఆయనా, ఆయన భార్య మేరీ ఫోర్డూ కలిసి 1950ల మొదట్లో అమెరికాలో ఊపేసిన జంట అని అప్పుడే తెలిసింది. ఒక ట్రాకు మీద ఇంకో ట్రాకు పేర్చి ఆమె ఒక్క గొంతుని నాలుగైదు గొంతులు చేసేవాడాయన. 1953లో వాళ్లిద్దరూ టీవీలో ఐదేసి నిమిషాల కార్యక్రమం మొదలుపెట్టారు, సొంత ఇంట్లోనే చిత్రీకరించి. ఇల్లు, ఇద్దరు మనుషులు, ఒక పాట, ఐదు నిమిషాలు. మేం కొత్తగా కనిపెట్టామని మురిసిపోయిన పని డెబ్బై ఏళ్ల కిందటే వాళ్లు చేసి పక్కన పెట్టారు.

నన్ను పట్టుకున్నది మాత్రం ఇంకో సంగతి. రికార్డులో నాలుగైదు గొంతులు వినపడతాయి, స్టేజీ మీదేమో మేరీ ఒక్కతే. జనం అదే మోత కావాలంటారు. ఏం చేశారంటే, మేరీ చెల్లెలు క్యారల్‌ని తెర వెనక దాచి, ఒక మైకిచ్చి, మేరీ పాడేదే పాడించారు. ముందు కూర్చున్నవాళ్లకి ఇద్దరే కనపడేవారు. ఆ మాయ ఎలా జరుగుతోందో అర్థంకాక తలలు గోక్కునేవారు. అది చదివాక నాకు పాటకన్నా ఎక్కువగా ఆ చెల్లెలే గుర్తుండిపోయింది. వేదిక వెనక చీకట్లో నిలబడి, చప్పట్లు తెర దాటి తన దాకా వినపడుతుంటే ఏమనుకునేదో!

అక్కతో చెప్పాను. "ఓహో, నువ్వు ఆ చెల్లెలివన్నమాట" అంది. కాదనలేదు నేను.

తర్వాత పాంప్లమూస్ దొరికారు. జాక్ కాంటే, నాటలీ డాన్. 2008లో మొదలెట్టిన ఇద్దరి బ్యాండు. యూట్యూబ్‌లో ఇలాంటి జంటలు వందలొచ్చాయి గానీ, వీళ్లు తమ వీడియోలకి రెండు నియమాలు పెట్టుకున్నారు. కనిపించేదే వినిపించాలి, అంటే పాట నడుస్తుంటే ఊరికే పెదాలాడించడం, వాయిస్తున్నట్టు నటించడం ఉండకూడదు. వినిపించేదల్లా ఎక్కడో ఒకచోట కనిపించాలి, అంటే దాక్కున్న శబ్దం ఒక్కటీ ఉండకూడదు. కంజిర మోగితే కంజిర పట్టిన చెయ్యి తెర మీదికి రావాల్సిందే. ఆ రెండో నియమం చదివి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. (ఇది అలంకారానికి అనడం లేదు. నిజంగానే లేచాను, హెడ్‌ఫోన్ తీగ తట్టుకుని మళ్లీ కూర్చున్నాను.)

మన వీడియోలు కూడా ఇలాగే చేద్దాం అన్నాను. పైకి చెప్పిన కారణాలు నిజాయితీ, కళ, అలాంటివి. లోపలి కారణం మీకు అర్థమయ్యే ఉంటుంది.

పాత ప్రాజెక్టు ఒకటి తెరిచి లెక్కపెడితే పదకొండు ట్రాకులున్నాయి. అందులో మేం వాయించినట్టు కనిపించేవి మూడే. మిగతా ఎనిమిదింటిలో రెండు అక్క హార్మొనీలు (అసలు గొంతుకి తోడుగా వేరే స్వరాల్లో పాడేవి), రెండు నా బేసూ రెండో గిటారూ, ఒకటి కీబోర్డు మీద ఒకసారి నొక్కి వదిలేసిన పొగలాంటి శబ్దం, మూడు ఎక్కణ్ణించో ఉచితంగా దించుకున్న డ్రమ్ముల లూపులు, అంటే మళ్లీ మళ్లీ తిరిగే దరువు ముక్కలు. ఈ లూపుల మీద ముందే నాకు ఒళ్లు మండి ఉంది. మేం సొంతంగా కట్టిన పాటకి ఒకరోజు కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. చూస్తే ఇంకెవరో అదే ఉచిత లూపు వాడి పాట చేసుకుని, దాన్ని కంటెంట్ ఐడీలో, అంటే ఏ పాట ఎవరిదో యూట్యూబ్ తనంతట తనే పోల్చి చూసే యంత్రంలో, నమోదు చేయించుకున్నారు. యంత్రానికి మాదీ వాళ్లదీ ఒకటే అనిపించింది. మేం అభ్యంతరం పెడితే అవతలివాళ్లు జవాబివ్వడానికి 30 రోజుల గడువు. ఇరవై ఏడో రోజున వదిలేశారు, ఒక్క మాటైనా లేకుండా. ఆ ఇరవై ఏడు రోజులు నా పాట నాది కాదేమోనని నాకే అనుమానం వచ్చేది. కాబట్టి లూపులు పోయాయి. కహోన్ కొన్నది అప్పుడే.

కొత్త నియమం పెట్టుకున్నాక మొదట ఏడ్చింది అక్కే. హార్మొనీ పాడినా కెమెరా ముందే పాడాలి. అంటే ఒకే బట్టల్లో, ఒకే వెలుతుర్లో, మూడు సార్లు మూడు చోట్ల నిలబడి. "మూడోసారికి నా జుట్టు చూశావా? మొదటి నేనూ మూడో నేనూ ఒకే తల్లి బిడ్డల్లా లేం" అంది. నాకు మాత్రం పండగే. బేసు వాయిస్తే తెర మీద ఒక పెట్టె. కహోన్ కొడితే ఒక పెట్టె. రెండో గిటారుకి ఇంకో పెట్టె. తెర మీద అక్కలు ముగ్గురు, నేను నలుగురు. జన్మలో మొదటిసారి మెజారిటీ నాది.

అయితే నేననుకోనిది ఒకటి జరిగింది. పాట బాగుపడింది. ప్రతి శబ్దానికీ ఒక షాటు తియ్యాలి, అంటే గంట పని. ఆ గంట ఖర్చు పెట్టేంత అవసరం ఆ శబ్దానికుందా అని ప్రతిసారీ అడుక్కోవాల్సి వచ్చింది. పొగలాంటి కీబోర్డు ఆ పరీక్షలో మొదటి రోజే తప్పింది. పదకొండు ట్రాకులు ఏడయ్యాయి, ఏడు ఆరయ్యాయి. ఖాళీ దొరికిన చోట అక్క గొంతుకి ఊపిరాడింది. వినేవాళ్లలో కొందరు "మైక్ మార్చారా?" అని అడిగారు. మైకు అదే. దాని మీద కప్పిన చెత్త తీసేశామంతే.

ఇక అందరూ అడిగే సంగతి: జనం ఎలా పెరిగారు? నెమ్మదిగా. విసుగొచ్చేంత నెమ్మదిగా. యూట్యూబ్ ప్రకటనల్లో వాటా ఇవ్వాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ ఉండాలి. 2018 నుంచీ అదే గీత. వెయ్యి మంది ఏడాదిన్నరలో వచ్చారు. గంటలే రాలేదు. నాలుగు వేల గంటలంటే 2,40,000 నిమిషాలు. మా పాట నాలుగు నిమిషాలు, సగటున చూసేది రెండు. అంటే పన్నెండు నెలల్లో లక్షా ఇరవై వేల సార్లు ఎవరో ఒకరు మా పాట పెట్టుకోవాలి. ఈ లెక్క గోడ మీద రాసిపెట్టాను. అక్క దాని పక్కన ఒక నత్త బొమ్మ గీసింది.

అప్పుడే ఆ నలభై సెకన్ల ముక్క పేలింది. అక్క వాద్యం ఏదీ లేకుండా ఒక ఆలాపన చేస్తుంది, కమాను ఒళ్లో పెట్టుకుని. ఏదో ఒకటి పెడదామని దాన్ని నిలువుగా కత్తిరించి షార్ట్‌గా పెట్టాను. వారంలో తొమ్మిది లక్షల మంది చూశారు. పద్నాలుగు వేల మంది సబ్‌స్క్రైబ్ చేశారు. ఇంట్లో ఫోన్లు మోగాయి, చిన్నప్పుడెప్పుడో చూసిన బంధువులు మెసేజ్‌లు పెట్టారు. ఆ తర్వాతి వారం పూర్తి పాట పెడితే చూసినవాళ్లు ఎనిమిది వందల చిల్లర. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ నాలుగు వేల గంటల్లో కలవదు. దానికి వేరే దారి, 90 రోజుల్లో కోటి వ్యూస్. అంటే తొమ్మిది లక్షల మంది వచ్చి వెళ్లినా నా గోడ మీది నత్త అంగుళం కూడా కదల్లేదు.

ఇలాంటి ముక్కల మీద పైకి వచ్చినవాళ్లు లేరని కాదు. వైన్ అనే యాప్ ఉన్న రోజుల్లో, ఆరే ఆరు సెకన్ల పాటలు పెట్టి 'అస్ ది డుయో' అనే జంట 2014లో పెద్ద రికార్డు కంపెనీతో ఒప్పందం చేసుకుంది. 2017 జనవరికల్లా ఆ యాపే లేదు. వాళ్లు యాపుకన్నా ఎక్కువ కాలం నిలిచారు, ఆ గట్టితనం నాకు నచ్చుతుంది. మాకు ఆ తొమ్మిది లక్షల్లోంచి మిగిలినవాళ్లని ఇప్పుడు లెక్కేస్తే రెండు మూడు వందల మంది ఉంటారేమో. వాళ్లు మాత్రం పేరు చూస్తే గుర్తుపట్టేంతగా ప్రతి పాట కిందా కనిపిస్తారు.

అసలు గొడవ ఆ తర్వాతే వచ్చింది. కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కడ వెళ్లిపోతున్నారో చూద్దామని అక్కే మొదటిసారి అనలిటిక్స్ తెరిచింది. గ్రాఫు నాలుగో సెకను నుంచి ఇరవయ్యో సెకను దాకా జారుడుబల్లలా ఉంది. వందలో నలభై మంది అక్కడే దిగిపోతున్నారు. అక్కడ ఏముంది? నా గిటార్ ఇంట్రో. నేనొక్కణ్ణే, నడి తెర మీద.

"ఇది తీసేద్దాం రా" అంది.

"పాటకి వాకిలి అది."

"వాకిట్లోంచే వెళ్లిపోతున్నారు కదరా."

రెండు వారాలు మాట్లాడుకోలేదు. మాట్లాడుకోలేదంటే, గొంతులు పెంచుకోకుండా "కేబుల్ ఎక్కడ", "తలుపెయ్యి" వరకే. చూసేవాళ్లకి ఓపిక లేదని, సంగీతం తెలియదని, అక్క కూడా వాళ్లతో చేరిందని నాలో నేను పెద్ద ఉపన్యాసం తయారుచేసుకున్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్న మాట ఉందే, అది నాకోసమే పుట్టింది. ఎందుకంటే మూడో వారంలో ఒక రాత్రి, వేరే వాళ్ల వీడియో చూస్తున్నట్టుగా ఆ పాట పెట్టుకుని చూశాను. ఆరో సెకనుకే నా వేలు ముందుకి జరపడానికి వెళ్లింది. నా పాట మీద, నా వేలే! పదహారు సెకన్ల ఇంట్రోలో మొదటి ఐదు సెకన్లలో చెప్పాల్సిందంతా అయిపోయింది. మిగతా పదకొండు సెకన్లూ నా చెయ్యి అందంగా కదులుతోందని నేను ఉంచుకున్నవి. ఎడిట్ చేసేది నేనే కదా, నన్ను కత్తిరించేవాళ్లు లేకపోయారు.

ఐదు సెకన్లకి తగ్గించాం. గ్రాఫు కొంచెం లేచింది, అద్భుతమేమీ కాదు. పాట మాత్రం నిజంగా బావుంది. ఈ సంగతి అక్కకి చెప్పడానికి ఇంకో నెల పట్టింది.

నాలుగు వేల గంటలు దాటేసరికి మొదలుపెట్టి రెండేళ్ల ఏడు నెలలు. ప్రకటనల వాటా, పెద్ద వీడియోల మీద యూట్యూబ్ ఇచ్చే 55 శాతం, వైర్లూ తీగలూ కొనుక్కోవడానికి సరిపోతుంది. అంతకుమించి ఏం లేదు. ఉద్యోగాలు మానేస్తారా అని అడిగేవాళ్లకి పాంప్లమూస్ లెక్క చదివి వినిపిస్తుంటాను. 2014లో వాళ్లు 28 రోజుల పర్యటన చేసి, 23 నగరాల్లో 24 కచేరీలిచ్చి, పైసా పైసా లెక్క బయటపెట్టారు. వచ్చింది 1,35,983 డాలర్లు. ఖర్చు 1,47,802. నష్టం 11,819. అంత పేరున్న జంట, అన్ని కచేరీలిచ్చి, చివరికి ఎదురు పెట్టుకుంది. ఇద్దరే తిరగలేదు మరి. వీడియోలో వినిపించే మోత స్టేజీ మీద మోగాలంటే పక్కన వాయించే మనుషులు కావాలి, వాళ్లకి జీతాలివ్వాలి, గదులు తియ్యాలి. లెస్ పాల్‌కి చెల్లెలు దొరికింది, వీళ్లకి పద్దు మిగిలింది. ప్రకటనల మీద వచ్చేది వీడియో ఖర్చుకి చాలడం లేదనే కదా, అంతకుముందే 2013లో జాక్ కాంటే ఇంకొకరితో కలిసి పేట్రియాన్ పెట్టాడు, అభిమానులే నేరుగా డబ్బు ఇచ్చుకునేలా.

మేం ఒకే ఒక్కసారి బయట వాయించాం. అరవై కుర్చీల గది, వచ్చింది నలభై ఒక్కమంది. మనిషిని పెట్టుకునే స్తోమత లేదు, దాచడానికి చెల్లెలూ లేదు. గొంతు, వయొలిన్, ఒక గిటారు, అంతే. ముందు రోజు రాత్రి నేను అన్ని పాటలూ ఒక్క గిటారుకి కుదించి రాసుకుంటూ, నలుగురు నేనుల్లో ఎవర్ని పంపాలా అని తలపట్టుకున్నాను. బేసు వాయించే నేను గెలిచాడు, బొటనవేలితో. అయిపోయాక ఒకాయన దగ్గరికొచ్చి, అక్కని దాటుకుని మరీ వచ్చి, "కుడివైపు కింద పెట్టెలో ఉండేది మీరే కదండీ?" అన్నాడు. నాలుగు పెట్టెల్లో ఏది అనుకున్నాడో అడగలేదు. అవునన్నాను.

పోయిన నెల నా కుడి మణికట్టు వాచింది. మౌసు పట్టుకోవద్దన్నారు. షూటింగ్ అప్పటికే అయిపోయింది, ఎడిటింగే మిగిలింది. ఈ వారం వదిలేద్దామన్నాను. "ఏముందిరా, నేను చేస్తాను" అంది అక్క. ఆ "ఏముందిరా" నేను ఐదేళ్లుగా ఎదురుచూసిన మాట అని తనకి తెలియదు. లాప్‌టాప్ ఇచ్చేసి వచ్చాను.

రాత్రి పదకొండుకి మొదటి ఫోను. "ఒరేయ్, చివర్లో చప్పట ఎక్కడుందిరా?"

"నువ్వు కొట్టలేదక్కా."

కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత, "నేనెప్పుడూ కొట్టనా?"

"ఎప్పుడూ."

"మరి నువ్వెలా కలుపుతున్నావు ఇన్నాళ్లూ?"

"నీ పెదాలు చూసి. 'ప', 'బ', 'మ' వచ్చిన చోట పెదాలు మూసుకుంటాయి, వాటిని పట్టుకుని."

ఒంటిగంటకి ఇంకోసారి చేసింది, "నీ మొహం వెనక గోడ మీద నీడ పడుతోంది, ఎలా తియ్యాలి" అని. తియ్యడం కుదరదని చెప్పాను. రెండున్నరకి చేసింది గానీ ఏమీ అడగలేదు, తనలో తనే ఏదో గొణుక్కుని పెట్టేసింది. మొత్తం పద్నాలుగు గంటలు పట్టిందట. పొద్దున్న వీడియో పైకి ఎక్కాక చూశాను. పెదాలు మూడు చోట్ల జారాయి. షాటు మారే కట్లు తాళం మీద కాకుండా తాళం పక్కన పడుతున్నాయి. ఒక చోట నేను పొరపాటు చేసి నాలుక కరుచుకున్న షాటు, నేనైతే చచ్చినా ఉంచనిది, పూర్తిగా ఉంచేసింది. నా బేసు పెట్టె ఎప్పుడూ ఉండే మూలలో లేదు. నడి తెర మీద ఉంది, అక్క పెట్టెకన్నా పెద్దగా.

సాయంత్రానికి మొదటి కామెంటు వచ్చింది. ఎప్పుడూ కనిపించే ఆ రెండు మూడు వందల మందిలో ఒకరిది. "పాట సూపర్. ఈసారి ఎడిటింగ్ వేరేవాళ్లతో చేయించారా? కొంచెం తేడాగా ఉంది."

అక్క వెంటనే ఫోన్ చేసింది. "చూశావా? చూశావా అది? పద్నాలుగు గంటలు కూర్చున్నానురా నేను! తేడాగా ఉందట! వీళ్లకేం తెలుసురా అసలు?"

ఊఁ అన్నాను. తను ఇంకా తిడుతుంటే, ఫోను చెవి మీంచి తీసి, ఎడం చేత్తో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.